లింకు తెగిన సంగతి రూటర్‌కు వెంటనే తెలియాలంటే: బీఎఫ్‌డీ డీమన్‌ను ఎలా మెరుగుపరచాలి

విజయనగరం నుంచి శ్రీకాకుళానికి ఫైబర్‌ను రెండు దారుల్లో తెచ్చుకోవచ్చు. ఒకటి నాతవలస జంక్షన్ మీదుగా, 16వ నంబరు జాతీయ రహదారి పక్కన. రెండోది రైలు మార్గం వైపున, చీపురుపల్లి, పొందూరు, ఆమదాలవలస మీదుగా. రెండు దారులు పెట్టుకున్న చిన్న ఇంటర్నెట్ ఆపరేటర్‌కు ఒకటి తెగినా రెండోది ఉందన్న ధీమా ఉంటుంది. కానీ తెగిన సంగతి రూటర్‌కు ఎప్పుడు తెలుస్తుంది? ఈ ప్రశ్నకు జవాబు లేకపోతే రెండో దారికి పెట్టిన డబ్బు సగం వృథా అయినట్టే.

రణస్థలం దగ్గర రోడ్డు పనిలో జేసీబీ కేబుల్‌ను తెంపిందనుకుందాం. మీ రూటర్ శ్రీకాకుళంలో ఉంది. మధ్యలో చిలకపాలెంలో ఒక స్విచ్ ఉంది. మీ రూటర్ నుంచి ఆ స్విచ్ దాకా ఉన్న ఫైబర్ బాగానే ఉంది కాబట్టి పోర్టులో లైటు వెలుగుతూనే ఉంటుంది. ఇంటర్‌ఫేస్ అప్ అనే చూపిస్తుంది. రూటర్లు దారులు తెలుసుకోవడానికి వాడే ఓఎస్‌పీఎఫ్ అనే ప్రోటోకాల్ నడుస్తుంటే, మామూలు సెట్టింగుల్లో 10 సెకన్లకో హలో పంపి, 40 సెకన్లపాటు జవాబు రాకపోతేనే పొరుగు రూటర్ పోయిందంటుంది. అలాంటిదే ఇంకో ప్రోటోకాల్ బీజీపీ అయితే చాలా చోట్ల 180 సెకన్లు ఆగుతుంది. అంతసేపూ ట్రాఫిక్ తెగిన దారిలోకే వెళ్లి పోతుంది. మూడు నిమిషాలంటే ఆన్‌లైన్ పరీక్ష రాసే పిల్లలకూ, పలాసలో జీడిపప్పు కొన్నవాడి దగ్గర డబ్బు కోసం ఫోన్ పట్టుకుని నిలబడ్డ వ్యాపారికీ చాలా ఎక్కువ సమయం.

దీనికోసమే బీఎఫ్‌డీ (బైడైరెక్షనల్ ఫార్వర్డింగ్ డిటెక్షన్) ఉంది. రెండు రూటర్లు ఒకదానికొకటి చిన్న యూడీపీ ప్యాకెట్లు గబగబా పంపుకుంటూ ఉంటాయి. అవి ఆగిపోతే దారి పోయినట్టు. 2010లో ఆర్‌ఎఫ్‌సీ 5880గా ఇది ప్రమాణమైంది. ఎఫ్‌ఆర్‌రౌటింగ్ (ఎఫ్‌ఆర్‌ఆర్) అనే రూటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఈ పని చేసే డీమన్, అంటే వెనకాల ఎప్పుడూ నడిచే ప్రోగ్రామ్, పేరు బీఎఫ్‌డీడీ. పాత సర్వర్ మీద లినక్స్ వేసి ఎఫ్‌ఆర్‌రౌటింగ్‌తో రూటర్ నడుపుతున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. బీఎఫ్‌డీని ఆన్ చేయడం పది నిమిషాల పని. అది చెప్పే మాట నమ్మదగ్గదిగా చేయడమే అసలు పని. ఆలస్యంగా వచ్చిన కబురు కొన్ని సెకన్ల నష్టం. తప్పుడు కబురు వస్తే బాగున్న లింకును మీ చేతులతో మీరే తెంపుకున్నట్టు. అందుకే ఎంతసేపట్లో తేల్చాలో చెప్పే అంకెలు తగ్గించే పనిని చివర్లో పెట్టుకోండి.

ముందు లింకును కొలవండి

ఏ సెట్టింగూ ముట్టుకోకముందే మీ లింకు మామూలు రోజుల్లో ఎలా ఉంటుందో తెలుసుకోవాలి. రూట్ యూజర్‌గా అవతలి రూటర్‌కు 0.1 సెకను ఇంటర్వల్‌తో పింగ్ పెట్టి, టైమ్‌స్టాంపులతో ఫైల్‌లోకి రాయించండి. రద్దీ ఉండే సాయంత్రం వేళల్లోనూ, అర్ధరాత్రి బ్యాకప్‌లు నడిచే వేళల్లోనూ రాయించండి. వరుసగా కొన్ని రోజులు ఉంచితే ఇంకా మంచిది.

ఆ ఫైల్‌లో సగటు ఆలస్యం ఎంతో చూసి వదిలేయకండి. ఇక్కడ సగటుతో పని లేదు. మీకు కావాల్సింది ఒక్క సంగతి: రెండు జవాబుల మధ్య అతి పొడుగైన నిశ్శబ్దం ఎంత? లింకు బాగున్న రోజుల్లోనే అప్పుడప్పుడూ 400 మిల్లీసెకన్ల నిశ్శబ్దం కనిపిస్తుంటే, 300 మిల్లీసెకన్లలో తేల్చేయాలనుకోవడం ఆ లింకుకు అన్యాయం. డార్క్ ఫైబర్ (మధ్యలో వేరేవాళ్ల యంత్రాలు లేని ఫైబర్) మీద నేరుగా నడిచే లింకు ఒకలా ఉంటుంది. కొండ మీది టవర్‌కు వేసిన వైర్‌లెస్ లింకు వాన పడితే ఇంకోలా ఉంటుంది. ప్రతి లింకునూ విడిగా కొలవాలి.

డీమన్‌ను ఆన్ చేయడం

ఈటీసీ కింద ఎఫ్‌ఆర్‌ఆర్ ఫోల్డర్‌లో డీమన్స్ అనే ఫైల్ ఉంటుంది. అందులో బీఎఫ్‌డీడీ వరుసలో ‘నో’ తీసి ‘ఎస్’ పెట్టండి. ఆ తర్వాత ఎఫ్‌ఆర్‌ఆర్ సర్వీసును రీస్టార్ట్ చేయాలి. రీస్టార్ట్ అంటే రూటింగ్ మొత్తం ఒకసారి పడి లేస్తుంది కాబట్టి ఈ పని తెల్లవారుజామున పెట్టుకోండి.

ఫైర్‌వాల్‌లో యూడీపీ 3784 తెరవండి. పక్కపక్కనే ఉన్న రూటర్ల మధ్య కంట్రోల్ ప్యాకెట్లు ఈ పోర్టుకే వస్తాయి. మధ్యలో ఇతర రూటర్లు ఉన్న మల్టీహాప్ సెషన్లకు పోర్టు 4784. ఎకో మోడ్ వాడితే 3785. పక్క రూటర్ నుంచి వచ్చే ప్యాకెట్ టీటీఎల్ (రూటర్ దాటిన ప్రతిసారీ ఒకటి తగ్గే అంకె) 255గా ఉండాలి. ఒక్క రూటర్ దాటి వచ్చినా అది 254 అవుతుంది, డీమన్ దాన్ని పారేస్తుంది. ఎక్కడో దూరాన కూర్చుని దొంగ ప్యాకెట్లు పంపేవాళ్లను ఆపడానికే ఈ నియమం. మీ రూటర్లో టీటీఎల్ మార్చే పాత ఫైర్‌వాల్ రూల్ ఏదైనా మిగిలిపోయి ఉంటే సెషన్ ఎన్నటికీ లేవదు. కారణం మాత్రం ఎక్కడా కనిపించదు.

అంకెల లెక్క

ఇక్కడ చాలామంది తికమకపడతారు కాబట్టి నిదానంగా చూద్దాం. ప్రతి రూటర్ మూడు అంకెలు చెబుతుంది. నేను ఎంత తరచుగా పంపగలను అనేది ట్రాన్స్‌మిట్ ఇంటర్వల్. ఎంత తరచుగా వస్తే తట్టుకోగలను అనేది రిసీవ్ ఇంటర్వల్. ఎన్ని పోతే నన్ను చచ్చినట్టు లెక్కించాలి అనేది డిటెక్ట్ మల్టిప్లయర్. ఎఫ్‌ఆర్‌రౌటింగ్‌లో ఇవి మామూలుగా 300, 300, 3. మొదటి రెండూ మిల్లీసెకన్లు.

లింకు తెగిందని మీ రూటర్ తేల్చడానికి తీసుకునే సమయం ఇలా వస్తుంది. మీ రిసీవ్ ఇంటర్వల్, అవతలివాళ్ల ట్రాన్స్‌మిట్ ఇంటర్వల్, ఈ రెండింటిలో పెద్దదాన్ని తీసుకోండి. దాన్ని *అవతలివాళ్ల* మల్టిప్లయర్‌తో గుణించండి. మీ మల్టిప్లయర్‌తో కాదు. మీరు పెట్టిన మల్టిప్లయర్ అవతలి రూటర్ మీ కోసం ఎంతసేపు ఆగాలో చెబుతుంది.

ఉదాహరణకు శ్రీకాకుళంలో మీరు 300, 300, 3 పెట్టారు. విజయనగరంలో అవతలివాళ్లు ట్రాన్స్‌మిట్ 1000, రిసీవ్ 300, మల్టిప్లయర్ 5 పెట్టారు. మీవైపు గుర్తింపు సమయం 1000 × 5, అంటే 5 సెకన్లు. వాళ్లవైపు 300 × 3, అంటే 900 మిల్లీసెకన్లు. ఒకే ఫైబర్ తెగితే విజయనగరం రూటర్ సెకను లోపే దారి మార్చుకుంటుంది. శ్రీకాకుళం రూటర్ ఇంకో నాలుగు సెకన్లకు పైగా తెగిన దారిలోకే పంపుతూ ఉంటుంది. ‘బీఎఫ్‌డీ పెట్టినా లాభం లేదు’ అని ఎవరైనా అంటే ముందు ఈ లెక్క అడగండి. ఎఫ్‌ఆర్‌ఆర్ కమాండ్లు ఇచ్చే వీటీవైషెల్‌లో ‘షో బీఎఫ్‌డీ పీర్స్’ అని కొడితే మీ అంకెలు, అవతలి అంకెలు రెండూ కనిపిస్తాయి.

వచ్చిపోయే ప్యాకెట్లను చూపే టీసీపీడంప్‌లో చూసేటప్పుడు ఇంకో సంగతి గుర్తుంచుకోండి. 300 పెట్టినా ప్యాకెట్లు సరిగ్గా 300కు ఒకటి రావు. అన్ని రూటర్లూ ఒకే క్షణంలో పంపి గుమిగూడకుండా ప్రతి ప్యాకెట్‌నూ 25 శాతం దాకా ముందుగా పంపాలని ప్రమాణంలోనే ఉంది. అందుకే 225కూ 300కూ మధ్య ఎంత ఉన్నా ఆరోగ్యంగా ఉన్నట్టే. సెషన్ డౌన్‌లో ఉన్నప్పుడు మాత్రం సెకనుకు ఒకటి కంటే వేగంగా పంపకూడదు. లేచాక పోల్, ఫైనల్ అనే చిన్న సంప్రదింపు జరిగి, అసలు వేగం అందుకుంటుంది.

ప్రతి పొరుగు దగ్గరా విడిగా అంకెలు రాయకండి. బీఎఫ్‌డీ కింద లింకు రకాన్ని బట్టి ప్రొఫైళ్లు చేసుకోండి. ఫైబర్‌కు ఒకటి, వైర్‌లెస్‌కు ఒకటి. ఓఎస్‌పీఎఫ్ ఇంటర్‌ఫేస్ మీద, బీజీపీ నెయిబర్ మీద ఆ ప్రొఫైల్ పేరు ఇస్తే చాలు. రేపు అంకె మార్చాల్సి వస్తే ఒక్కచోట మారుస్తారు. ఫైబర్‌కు 300, 300, 3తో మొదలుపెట్టడం నాకు సబబుగా తోస్తుంది. వైర్‌లెస్‌కు మల్టిప్లయర్ 5 పెట్టండి. అక్కడ ఇంటర్వల్ తగ్గించడం కంటే మల్టిప్లయర్ పెంచడం మేలు.

డీమన్‌కు సమయం ఇవ్వండి

తప్పుడు కబుర్లలో చాలావాటికి లింకుతో సంబంధమే ఉండదు. డీమన్‌కు సమయానికి సీపీయూ దొరకకపోవడమో, దాని ప్యాకెట్ క్యూలో ఇరుక్కుపోవడమో కారణం అవుతుంది.

సీపీయూ సంగతి ముందు. రూటర్ వర్చువల్ మెషీన్‌లో నడుస్తుంటే వీఎంస్టాట్‌లో స్టీల్ కాలమ్ చూడండి. అది సున్నా దగ్గర నిలబడకపోతే కింది యంత్రం మీ వాటా ఇంకొకరికి ఇస్తోందన్నమాట. అక్కడ 900 మిల్లీసెకన్ల గుర్తింపును కూడా నమ్మలేం. సొంత సర్వర్ అయితే సీహెచ్‌ఆర్‌టీ కమాండ్‌తో బీఎఫ్‌డీడీ ప్రాసెస్‌కు ఫైఫో రియల్‌టైమ్ ప్రాధాన్యం ఇవ్వండి, 10 లేదా 20 చాలు. రీస్టార్ట్ అయితే ఇది పోతుంది కాబట్టి సిస్టమ్‌డీ ఓవర్‌రైడ్‌లో సర్వీసు లేచిన తర్వాత నడిచే వరుసగా రాసి ఉంచండి. ఒక్క బీఎఫ్‌డీడీకే ఇవ్వండి. బీజీపీ డీమన్‌కు కూడా ఇస్తే పెద్ద టేబుల్ లెక్క వేసేటప్పుడు అదే అడ్డం తిరుగుతుంది. డీబగ్ లాగులు ఆన్ చేసి మర్చిపోవద్దు. నెమ్మదిగా ఉన్న డిస్కు మీదికి లాగు రాస్తూ డీమన్ ఆగిపోతే అది కూడా లింకు తెగినట్టే కనిపిస్తుంది.

ఇక క్యూ. పైడితల్లి సిరిమానోత్సవం రోజున విజయనగరంలో జనమంతా ఒకేసారి వీడియోలు పంపుతారు. అప్‌లింక్ నిండిపోతుంది. మీ చిన్న బీఎఫ్‌డీ ప్యాకెట్ ఆ వీడియోల వెనక నిలబడితే మూడు వరుసగా ఆలస్యం కావడం ఎంతసేపు? ప్యాకెట్ మీద సీఎస్6 అనే ప్రాధాన్యపు మార్కు ఉన్నంత మాత్రాన లినక్స్ దాన్ని ముందు వరుసలోకి పంపుతుందనుకోకండి. లినక్స్ టీసీ కమాండ్‌తో ప్రయో (prio) అనే ప్రాధాన్యపు క్యూ కట్టి, 3784 పోర్టుకు వెళ్లే వాటిని మొదటి బ్యాండ్‌లోకి ఫిల్టర్ చేయండి. ఇంకో మెలిక ఉంది. మీ పోర్టు 1 గిగాబిట్, కొనుక్కున్నది 500 మెగాబిట్ అయితే క్యూ మీ దగ్గర కాకుండా అవతలి కంపెనీ పెట్టెలో పేరుకుంటుంది. అక్కడ మీ ఫిల్టర్ పనిచేయదు. కొన్న వేగం కంటే కొంచెం తక్కువకు మీరే షేపింగ్ చేస్తే, అంటే పంపే వేగానికి హద్దు పెడితే, క్యూ మీ చేతిలోకి వస్తుంది.

కోడ్‌లో ఏం మార్చాలి

ఇంతవరకూ సెట్టింగులు. సీ భాష వచ్చినవాళ్లు డీమన్‌నే బాగుచేయవచ్చు. మన జిల్లాల ఇంజినీరింగ్ కాలేజీల్లో చదివే పిల్లలకు ఇంతకంటే మంచి ప్రాజెక్టు నాకు తోచడం లేదు. కోడ్ చిన్నది, ఫలితం కళ్ల ముందు కనిపిస్తుంది.

బీఎఫ్‌డీడీ పని ఒక ఈవెంట్ లూప్‌లో నడుస్తుంది. టైమర్ మోగితే ఆ పని, సాకెట్‌లో ప్యాకెట్ వస్తే ఆ పని, ఒకదాని తర్వాత ఒకటి. ఏదో కారణంతో డీమన్ 1.2 సెకన్లు ఆగిపోయిందనుకోండి. మళ్లీ మేల్కొనేసరికి 900 మిల్లీసెకన్ల టైమర్ గడువు దాటి ఉంటుంది. అదే సమయంలో అవతలి నుంచి వచ్చిన ప్యాకెట్లు నాలుగో ఐదో కర్నెల్ బఫర్‌లో చదవకుండా పడి ఉంటాయి. టైమర్ పని ముందు వరుసలో నిలబడితే డీమన్ ఆ ప్యాకెట్లను చూడకుండానే సెషన్‌ను పడగొట్టేస్తుంది. మీ వెర్షన్‌లో ఏది ముందో లిబ్ ఫోల్డర్‌లోని ఈవెంట్ లూప్ కోడ్ చదివి చూసుకోండి.

మొదటి మార్పు చిన్నది, కానీ నా దృష్టిలో అన్నిటికంటే విలువైనది. రిసీవ్ టైమర్ పెట్టేటప్పుడే అది ఎప్పుడు మోగాలో మోనోటోనిక్ గడియారం (ఎప్పుడూ వెనక్కి తిరగనిది) ప్రకారం సెషన్ స్ట్రక్చర్‌లో రాసిపెట్టండి. మోగినప్పుడు ఇప్పటి సమయంతో పోల్చండి. తేడా 50 మిల్లీసెకన్లు దాటితే లాగులో ఒక వరుస రాయండి, ఒక కౌంటర్ పెంచండి. అంతే. ఇకమీదట సెషన్ పడినప్పుడల్లా మీకు తెలుస్తుంది: టైమర్ సమయానికే మోగితే లింకునో అవతలివాళ్లనో చూడాలి, ఆలస్యంగా మోగితే మన యంత్రాన్నే చూడాలి. తెగిన ఫైబర్‌ను అతికే స్ప్లైసింగ్ కుర్రాళ్లను అర్ధరాత్రి వానలో రోడ్డు మీదికి పంపే ముందు ఈ ఒక్క వరుస చూసుకోవాలి.

రెండో మార్పు దాని మీద కడతాం. టైమర్ ఆలస్యంగా మోగిందని తేలితే వెంటనే పడగొట్టకుండా, సాకెట్‌ను ఒక్కసారి ఆగకుండా చదవండి. ప్యాకెట్ కర్నెల్‌కు ఎప్పుడు అందిందో సాకెట్ టైమ్‌స్టాంప్ ఆప్షన్‌తో తెలుస్తుంది. ఆ సెషన్‌కు చెందిన ఆఖరి ప్యాకెట్ అందినప్పటి నుంచి ఇప్పటికి గుర్తింపు సమయం దాటిందా? దాటకపోతే లింకు బతికే ఉంది, టైమర్‌ను ఆ మిగిలిన సమయానికి మళ్లీ పెట్టండి. దాటితే పడగొట్టండి. ‘ఇంకో అవకాశం ఇద్దాం’ అని గడువు పొడిగించే కోడ్ మాత్రం రాయకండి. అది నిజంగా తెగిన లింకును కూడా కాపాడుతుంది. కర్నెల్ టైమ్‌స్టాంప్ గోడ గడియారం ప్రకారం ఉంటుంది, టైమర్ మోనోటోనిక్ ప్రకారం ఉంటుంది. పోల్చేముందు రెండు గడియారాలనూ ఒకే క్షణంలో చదివి తేడా తీసుకోండి. లేకపోతే నెట్‌వర్క్ నుంచి గడియారాన్ని సరిదిద్దే ఎన్‌టీపీ సమయం సరిచేసిన రోజున లెక్క తప్పుతుంది.

ఈ మార్పుకు ఒక హద్దు ఉంది. డీమన్ ఆగిపోయినంతసేపు మనం కూడా ఏమీ పంపలేదు కదా. అవతలి రూటర్ మనల్ని అప్పటికే పడగొట్టేసి ఉండొచ్చు. కాబట్టి కోడ్ మార్చాం కదా అని సీపీయూ ప్రాధాన్యం వదిలేయడానికి లేదు. రెండూ కావాలి.

పరీక్ష ఎలా పెట్టాలి

లైవ్ రూటర్ మీద వద్దు. ఒకే లాప్‌టాప్‌లో రెండు నెట్‌వర్క్ నేమ్‌స్పేసులు (రెండు విడి రూటర్లలా పనిచేసే భాగాలు) చేసి, మధ్య వీఈత్ జత అనే ఊహా కేబుల్ పెట్టి, రెండింటిలో బీఎఫ్‌డీడీ నడపండి.

పైన చెప్పిన గుణకారం ఇక్కడ పనికొస్తుంది. మీవైపు మల్టిప్లయర్ 10 పెట్టండి, అవతల 3 ఉంచండి. ఇప్పుడు అవతలి రూటర్ మీ కోసం 3 సెకన్లు ఆగుతుంది, మీరు వాళ్ల కోసం 900 మిల్లీసెకన్లే ఆగుతారు. మీవైపు బీఎఫ్‌డీడీకి స్టాప్ సిగ్నల్ ఇచ్చి 1.2 సెకన్ల తర్వాత కంటిన్యూ సిగ్నల్ ఇవ్వండి. మార్పు లేని డీమన్ టైమర్ పనిని ముందు చేస్తే సెషన్ పడుతుంది. మార్చిన డీమన్‌లో సెషన్ నిలబడాలి, కౌంటర్ ఒకటి పెరగాలి.

తర్వాత దీనికి ఎదురు పరీక్ష. స్టాప్ ఇచ్చిన వెంటనే లినక్స్ ఫైర్‌వాల్ ఎన్‌ఎఫ్‌టేబుల్స్‌తో 3784 ప్యాకెట్లను ఆపేసి, 1.2 సెకన్ల తర్వాత కంటిన్యూ ఇవ్వండి. ఈసారి సెషన్ మేల్కొన్న వెంటనే పడి తీరాలి. పడకపోతే మీ మార్పులో తప్పుంది. డీమన్‌ను ఆపకుండా ప్యాకెట్లను మాత్రమే ఆపితే, మార్పుకు ముందూ తర్వాతా ఒకే సమయంలో, ఆఖరి ప్యాకెట్ తర్వాత 900 మిల్లీసెకన్లకు పడాలి. నెట్‌వర్క్ లోపాలను కృత్రిమంగా కల్పించే నెటెమ్‌తో 5 శాతం, 10 శాతం ప్యాకెట్ నష్టం పెట్టి రాత్రంతా వదిలేసి, పొద్దున్న ‘షో బీఎఫ్‌డీ పీర్స్ కౌంటర్స్’లో సెషన్ ఎన్నిసార్లు పడిందో చూడండి.

లైవ్‌లోకి వెళ్లేముందు అసలు దారి మీద ఒక పరీక్ష తప్పదు. రాత్రి వేళ మనిషిని చిలకపాలెం పంపి, స్విచ్ నుంచి విజయనగరం వైపు వెళ్లే ఫైబర్ ప్యాచ్‌కార్డ్ పీకించండి. శ్రీకాకుళం వైపు లైటు వెలుగుతూనే ఉండాలి, ట్రాఫిక్ సెకనులో ఆమదాలవలస దారికి మళ్లాలి. మళ్లీ గుచ్చించి తిరిగి రావడం కూడా చూడండి. పడిన సంగతి బీఎఫ్‌డీ చెబుతుంది కానీ, ఓఎస్‌పీఎఫ్ పొరుగుతనం తన హలోలతోనే మళ్లీ లేస్తుంది.

గాలివానకు ముందు

మనకు అక్టోబరు గండం తెలిసిందే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ. కరెంటు స్తంభాల మీద వేలాడే ఫైబర్ పూర్తిగా తెగకముందు గాలికి ఊగుతూ నిమిషానికోసారి పడి లేస్తుంది. అప్పుడు బీఎఫ్‌డీ ఎంత చురుగ్గా ఉంటే రూటింగ్ అంత అల్లాడిపోతుంది. తుఫాను హెచ్చరిక వచ్చిన రోజున వేలాడే లింకుల ప్రొఫైల్‌లో మల్టిప్లయర్ పెంచండి, ఆ లింకు ఓఎస్‌పీఎఫ్ కాస్ట్ (ఎక్కువైతే ఆ దారిని రూటర్ తప్పించే అంకె) కూడా పెంచి ట్రాఫిక్‌ను ముందే భూగర్భ ఫైబర్ మీదికి మళ్లించండి. ప్రొఫైల్‌లో అంకె మారిస్తే సెషన్ పడకుండానే పోల్, ఫైనల్‌తో కొత్త విలువ అమల్లోకి వస్తుంది.

కోడ్ మార్పు మీ దగ్గర బాగా నిలబడితే మీ సర్వర్‌లోనే ఉంచేసుకోకండి, ఎఫ్‌ఆర్‌రౌటింగ్‌కు పంపండి. లాగు, కౌంటర్ మార్పు ఒక కమిట్‌గా, సాకెట్ చదివే మార్పు ఇంకో కమిట్‌గా విడగొట్టండి. మొదటిదానికి అభ్యంతరాలు తక్కువ వస్తాయి, అది ముందు చేరిపోతుంది. ప్రతి కమిట్ చివర సైన్డ్-ఆఫ్-బై వరుస ఉండాలి. ఎఫ్‌ఆర్‌రౌటింగ్ కోడ్‌లోని టోపోటెస్ట్స్ ఫోల్డర్‌లో బీఎఫ్‌డీ పేరుతో మొదలయ్యే పరీక్షలు ముందే ఉన్నాయి. వాటిలో ఒకదాన్ని నమూనాగా తీసుకుని మీ స్టాప్, కంటిన్యూ పరీక్షను రాసి జతచేయండి.